నొప్పికి పేరు దొరికింది

బ్రేకమ్మ అసలు పేరేమిటో ఊళ్ళో చాలామందికి తెలియదు. డ్రైవింగ్ స్కూలు కారులో నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చుని, తన కాళ్ళ దగ్గరున్న రెండో బ్రేకు మీద పాదం ఆనించి, ఊళ్ళో సగంమందికి బండి నేర్పిన మనిషి. కిందటి వారం భాగంలో ఆవిణ్ణి ఆస్పత్రి నుంచి ఫోను మోగుతుండగా వదిలేసి వచ్చాం. నెలల తరబడి నడుం నొప్పి. రోజంతా కూర్చునే పని కదా అన్నారు ఒకరు. వయసు మీద పడుతోంది కదా అన్నారు ఇంకొకరు. నడుముకి బెల్టు, పూసుకోవడానికి మందు, మింగడానికి నొప్పి మాత్రలు. ఇంతలో ఓ రోజు, కొత్తగా నేర్చుకుంటున్న ఒకావిడ మలుపులో గోడ మీదికి పోతుంటే, బ్రేకమ్మ పక్కకి ఒరిగి స్టీరింగు లాగింది. గోడ తప్పింది, కానీ బ్రేకమ్మ పక్కటెముక పటుక్కుమంది.

ఆ సాయంత్రం ఎమర్జెన్సీలో డ్యూటీ పడ్డ చిన్న డాక్టరమ్మ కట్టు కట్టి పంపేయలేదు. ఎక్స్‌రే వంక చాలాసేపు చూసి, "ఇంతమాత్రానికి ఎముక విరగకూడదే" అంది. దాహం ఎక్కువగా ఉంటోందా, మెట్లెక్కితే ఆయాసం వస్తోందా, ఈ మధ్య జలుబు, జ్వరం మాటిమాటికీ వచ్చాయా అని అడిగి, రక్తం తీయించింది. మూత్రం పరీక్ష చేయించింది. మర్నాడు తన విభాగానికే పిలిపించి, నడుం వెనక ఎముకలోంచి కాస్త మజ్జ కూడా తీసింది. ఇప్పుడు ఫలితాలొచ్చాయట. తోడుగా ఇంట్లోవాళ్ళని తెచ్చుకోమంది.

తోడు వచ్చినవాళ్ళు ఇద్దరు. భర్తా, కూతురూ. వాళ్ళిద్దరూ బ్రేకమ్మని వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి, "ఇక్కడే ఉండు, డాక్టరుగారు ఖాళీగా ఉన్నారేమో చూసొస్తాం" అంటూ లోపలికి జారుకున్నారు.

బ్రేకమ్మ ఒక్క నిమిషం ఓపిక పట్టింది. వరండా మలుపులో స్ట్రెచర్లు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా పైన ఒక ఉబ్బెత్తు అద్దం బిగించి ఉంది. ఎక్కడికి వెళ్ళినా ముందు అద్దం ఎక్కడుందో చూసుకోవడం ఆవిడకి పాతికేళ్ళ అలవాటు. చూసింది. అద్దంలో డాక్టరమ్మ గది తలుపు ఓరగా తెరుచుకుని ఉంది. ఆ సందులో తన భర్త కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుస్తున్నాడు.

ఆయనది కళ్ళజోళ్ళ దుకాణం. అద్దం తుడవడానికి చొక్కా వాడేవాళ్ళని చూస్తే ఆయనకి ఒళ్ళు మంట. అలాంటి మనిషి తనే చొక్కాతో తుడుస్తున్నాడంటే, అబద్ధం ఒకటి నోటిదాకా వచ్చిందన్నమాట.

బ్రేకమ్మ పక్కటెముకల మీద చెయ్యి అదిమిపెట్టుకుని లేచింది. లేచేటప్పుడు నడుంలో ఎవరో స్క్రూడ్రైవరు తిప్పినట్టయింది. పళ్ళ బిగువున నాలుగడుగులు వేసి తలుపు నెట్టింది.

"...రక్తం తక్కువగా ఉందని చెప్పండి, చాలు. తను తట్టుకోలేదండీ. ఆ మాట వింటే..."

"వింటే ఏమైపోతానండీ?" అంది బ్రేకమ్మ.

భర్త చేతిలో కళ్ళజోడు కిందపడింది. కూతురు గిరుక్కున తిరిగింది. ఈతకొలను గట్టు మీద నిలబడి పిల్లలకి ఈత నేర్పుతూ అరిచి అరిచి ఆ అమ్మాయి గొంతు ఎప్పుడూ హెచ్చుస్థాయిలోనే ఉంటుంది. "అమ్మా! నిన్ను బయట కూర్చోమన్నాం కదా!"

"కూర్చున్నాను. లేచాను. నా ఎముకలోంచి గుజ్జు తీసి, దాని కబురు మీరు వింటారా? సూది దిగింది ఎవరికి, నాకా మీకా?"

"అది కాదే..." భర్త వంగి కళ్ళజోడు వెతుక్కుంటున్నాడు. "బయట బోర్డు చదివాం. రక్తం క్యాన్సర్ల విభాగం అని రాసుంది. నువ్వు చూడలేదనుకున్నాం."

"బోర్డులు చదవడం నేర్పేది నేను! గేటు దగ్గరే చదివాను."

డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి, వీపుకి ఆనేలా ఒక దిండు పెట్టి, బ్రేకమ్మని జాగ్రత్తగా కూర్చోబెట్టింది. ముప్పై కూడా నిండని పిల్ల. జుట్టు పైకి ముడేసి అందులో పెన్ను గుచ్చుకుంది. "నేను వీళ్ళకి ఏమీ చెప్పలేదమ్మా. మీరు లేకుండా చెప్పనని అప్పుడే అన్నాను. మీకు తెలుసుకోవాలని ఉందా? ఎంతవరకు చెప్పమంటారు?"

"మొత్తం. దాపరికం లేకుండా."

"సరే." డాక్టరమ్మ ఎదురుగా కూర్చుని ఊపిరి తీసుకుంది. "మీకొచ్చింది మల్టిపుల్ మైలోమా. మజ్జలో పుట్టే ఒక రకం రక్తకణాలకి వచ్చే క్యాన్సర్. మా పెద్ద డాక్టరుగారు కూడా అన్నీ చూసి ఖాయం చేశారు."

భర్త కళ్ళజోడు దొరికినా పెట్టుకోలేదు, చేతిలోనే ఉంచుకున్నాడు. కూతురు తల్లి భుజం మీద చెయ్యి వేసి, మరుక్షణం డాక్టరమ్మ మొహం చూసి భగ్గుమంది.

"మీరు నవ్వుతున్నారా? మా అమ్మకి క్యాన్సరని చెప్తూ నవ్వుతున్నారా?"

నిజమే. డాక్టరమ్మ పెదవుల చివర ఏదో ఒక వెలుగు ఉంది. దొరికిపోయిన పిల్లలా ఆ పిల్ల మొహం ఎర్రబడింది. "తప్పే. క్షమించండి. నవ్వు కాదు... ఎలా చెప్పను... మేం చూసేసరికి చాలామందికి నడుం పడిపోయుంటుంది. కిడ్నీలు పూర్తిగా పాడైపోయుంటాయి. ఏడాది, రెండేళ్ళు నడుం నొప్పి అనే తిరుగుతుంటారు. మీ అమ్మగారి కిడ్నీలు దెబ్బతిన్నాయి, కానీ ఇంకా చేతిలోనే ఉన్నాయి. ఆ ఎక్స్‌రేలో పక్కటెముకల్లో చిన్న చిన్న చిల్లులు కనిపించినప్పటి నుంచీ నాకు నిద్ర లేదు. అది కాకూడదని కొంతసేపు, అదే అయితే ఆలస్యం కాకూడదని కొంతసేపు కొట్టుకున్నాను. ఈ పొద్దున ఫలితం చూసి మెట్లన్నీ పరిగెత్తుకుంటూ ఎక్కాను. చెప్పేటప్పుడు మొహం జాగ్రత్తగా పెట్టుకోవాలని మాకు నేర్పారు. నాకింకా రాలేదు."

కూతురు ఇంకేదో అనబోయింది. బ్రేకమ్మ చెయ్యెత్తి ఆపింది.

"ఆ పిల్లని ఏమీ అనకు. డాక్టరమ్మా, ఒక్కటి చెప్పండి. నా నొప్పి దీనివల్లేనా?"

"దీనివల్లే. ఆ కణాలు హద్దూ అదుపూ లేకుండా పెరిగి మజ్జంతా ఆక్రమించేశాయి. ఎర్రరక్తకణాలకి చోటు లేదు, అందుకే నీరసం, ఆయాసం. అవి ఎముకని తినేస్తాయి, అందుకే నొప్పి, అందుకే ఎముక విరిగింది. కరిగిన ఎముకలోని కాల్షియం రక్తంలో కలిసింది. అందుకే ఎన్ని నీళ్ళు తాగినా తీరని దాహం, మలబద్ధకం, మగత. అవి తయారుచేసే పనికిరాని ప్రొటీను వెళ్ళి కిడ్నీల్లో అడ్డుపడింది."

"అంటే అన్నీ ఒకటేనా? నడుమూ, ఆయాసమూ, దాహమూ?"

"అన్నీ ఒకటే."

బ్రేకమ్మ భర్త వైపు తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు, కానీ గొంతు మాత్రం పందెం గెలిచినట్టు ఉంది. "విన్నారా? పని ఎగ్గొట్టడానికి కాదు. వయసు కాదు. ఊహించుకోవడం కాదు. మీ చెల్లెలు ఏమంది? మనసుకి తోచక నొప్పి తెచ్చుకుంటున్నానందా లేదా? ఉంది! నిజంగా ఉంది! దానికి పేరుంది!"

"క్యాన్సరే అది," అన్నాడు భర్త. "దానికి సంబరపడతావేంటే?"

"నాకు భయం లేదనుకున్నారా? ఉంది, బోలెడుంది. కానీ ఇన్నాళ్ళూ కళ్ళకి గంతలు కట్టుకుని నడిపానండీ. ఇప్పుడు రోడ్డు కనిపిస్తోంది. బాగోకపోతే బాగోకపోయింది, కనిపిస్తోంది కదా!"

ఆ మాటకి భర్త ఏడ్చాడు. ఏడుస్తూనే ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. కూతురు మాత్రం ఏడవలేదు. ఏదో ఒకటి చేస్తే తప్ప ఆ పిల్లకి కాలు నిలవదు. చొక్కా చేతులు పైకి మడిచేసింది. "మజ్జ మార్చాలంటారు కదా. నాది తీసుకోండి. ఇప్పుడే తీసుకోండి. నేను సిద్ధం."

"మీది అక్కర్లేదు," అంది డాక్టరమ్మ. "ఈ జబ్బులో మామూలుగా అమ్మగారి కణాలే అమ్మగారికి వాడతాం. ముందు మందులతో జబ్బుని అణిచేసి, ఆ తర్వాత ఆవిడ రక్తంలోంచే మంచి మూలకణాలు తీసి దాచి, గట్టి మందు ఇచ్చి, మళ్ళీ అవే ఎక్కిస్తాం. అదీ అందరికీ కాదు. కిడ్నీలు ఎలా తేరుకుంటాయో చూసి అప్పుడు నిర్ణయిద్దాం."

"నాకు నేనే దాతనా?" బ్రేకమ్మకి నవ్వొచ్చింది. నవ్వితే పక్కటెముక పొడిచింది. "అమ్మో... నవ్వించకండి. పోనీ, నయమవుతుందా?"

డాక్టరమ్మ ఈసారి కళ్ళు తిప్పుకోలేదు. "పూర్తిగా వేళ్ళతో సహా పోతుందని చెప్పలేను. అణచగలం. చాలామందిలో ఏళ్ళ తరబడి అణిగి ఉంటుంది. మళ్ళీ తలెత్తితే వేరే మందులున్నాయి. ఎన్నేళ్ళని మాత్రం అడగకండి, ఎవరికి ఎలా ఉంటుందో ముందే చెప్పేస్తే అది అబద్ధం అవుతుంది. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. కిడ్నీలు మనకోసం ఆగవు. ఈరోజే మొదలుపెడదాం."

"ఈరోజా!" ముగ్గురూ ఒక్కసారే అన్నారు.

"ఇప్పుడే. ముందు కాల్షియం తగ్గడానికి సెలైన్. పొట్ట మీద చర్మం కింద ఒక ఇంజెక్షను. కొన్ని మాత్రలు. నాలుగు రోజులు ఇక్కడే ఉండాలి. ఇంకొకటి, ఇన్నాళ్ళూ మింగిన ఆ నొప్పి మాత్రలు ఇక ముట్టుకోవద్దు. కిడ్నీలకి అవి విషం. నొప్పికి వేరేవి ఇస్తాను."

బ్రేకమ్మ చేతిసంచీ తెరిచి, మాత్రల అట్టలు గుప్పెడు తీసి, చెత్తబుట్టలోకి విసిరింది. గురి తప్పలేదు. "ఎక్కడ పడుకోవాలో చూపించండి."

ఆ తర్వాత అంతా పరుగే. భర్త బట్టలు తేవడానికి ఇంటికి పరిగెత్తాడు. కూతురు మంచం కోసం కింది అంతస్తుకి పరిగెత్తింది. డాక్టరమ్మ మందులు త్వరగా పంపించమని ఫోనులో ఎవరినో బతిమాలింది, తర్వాత బెదిరించింది, చివరికి తనే వెళ్ళి తెచ్చుకుంది. బ్రేకమ్మని మందులెక్కించే హాల్లో వెనక్కి వాలే పెద్ద కుర్చీలో కూర్చోబెట్టారు. పొట్ట మీద చర్మం రెండువేళ్ళతో పట్టుకుని నర్సు సూది దించింది. చీమ కుట్టినట్టు ఉంది.

"ఇంతేనా?" అంది బ్రేకమ్మ కాస్త నిరాశగా.

"ఇంతే. మీతో మాట్లాడటానికి ఒకరొచ్చారు. మీకు ఇష్టమైతేనే," అంది డాక్టరమ్మ. "ఇదే జబ్బుతో తొమ్మిదేళ్ళుగా ఉన్నాయన. కొత్తగా తెలిసినవాళ్ళ దగ్గరికి వచ్చి కూర్చుంటారు. మేం చెప్పలేనివి ఆయన చెప్తారు."

"రమ్మనండి."

తెర పక్కకి జరిగింది. వచ్చినవాణ్ణి చూసి బ్రేకమ్మ కుర్చీలోంచి లేచినంత పనిచేసింది.

"నువ్వా!"

హారన్. పక్క వీధి డ్రైవింగ్ స్కూలు యజమాని. అవసరం ఉన్నా లేకపోయినా హారన్ మోగిస్తూ పోయే ఎర్ర కారు అతనిది. టెస్టు మైదానంలో లైను విషయంలో ఇద్దరూ తిట్టుకోని నెల లేదు. ఆవిడ దగ్గర ఫెయిలైనవాళ్ళకి అతను సగం ధరకే నేర్పుతానని బోర్డు పెట్టాడు. ఆ బోర్డుని ఆవిడ రివర్సులో గుద్దేసింది. పొరపాటునే అని ఇప్పటికీ అంటుంది.

"అక్కా, నన్ను పంపించేయాలంటే చెప్పు, పోతాను," అన్నాడు అతను గుమ్మంలోనే నిలబడి. "కానీ ఈ హాల్లో ఇవాళ నాకంటే బాగా చెప్పేవాడు నీకు దొరకడు."

"నీకు... తొమ్మిదేళ్ళా? మరి మొన్న మైదానంలో నామీద అంతలేసి అరుపులు అరిచావు కదా!"

"జబ్బు ఎముకల్లో కదా, గొంతులో కాదుగా."

బ్రేకమ్మకి మళ్ళీ నవ్వొచ్చింది. మళ్ళీ పక్కటెముక పొడిచింది. "కూర్చో. కూర్చుని త్వరగా చెప్పు."

అతను స్టూలు లాక్కుని కూర్చున్నాడు. చెప్పాడు. ఈ సాయంత్రం వేసే స్టిరాయిడు మాత్ర నిద్ర పట్టనివ్వదనీ, అది వేసుకున్న మొదటి రోజు తను ఇంట్లో ఫ్యాన్లన్నీ విప్పి తుడిచాననీ, బిగించేటప్పటికి ఓపిక అయిపోయి వారం రోజులు గాలి లేకుండా గడిపాననీ చెప్పాడు. దాంతో కోపం కూడా వస్తుందని ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పమన్నాడు. ఎముకలకి బలం మందు ఎక్కించేముందు పళ్ళ డాక్టరుకి చూపించుకోమన్నాడు, పీకాల్సిన పన్నుంటే ముందే పీకించుకోవాలట. జ్వరం కాస్త తగిలినా తెల్లారేదాకా ఆగకుండా ఇక్కడికి వచ్చెయ్యమన్నాడు. బకెట్లు ఎత్తొద్దన్నాడు. వంగి కారు టైరు మార్చొద్దన్నాడు.

"మళ్ళీ బండెక్కుతానా?" అని అడిగింది బ్రేకమ్మ. అన్నిటికంటే మెల్లిగా అడిగింది అదే.

"నడుముకి మందు పట్టేదాకా ఎక్కొద్దు. ఆ తర్వాత ఎక్కుతావు. నేనెక్కలేదూ? మొదటి ఆరు నెలలూ నీ స్టూడెంట్లందరూ నా దగ్గరికొస్తారు. వాళ్ళని నీ పద్ధతిలోనే నేర్పి, నీ పేరుతోనే టెస్టుకి పంపిస్తాను. తేరుకున్నాక తిరిగి తీసుకో."

బ్రేకమ్మ అతని వంక చూస్తుండిపోయింది. ఇన్నేళ్ళూ టెస్టు మైదానం అవతలి కొస నుంచి చూసిన మనిషి. దగ్గర్నుంచి చూస్తే భుజాలు కొంచెం వంగి ఉన్నాయి, కళ్ళు మాత్రం కొంటెగా మెరుస్తున్నాయి.

"ఎందుకు నాకిదంతా?"

"నాకు తెలిసిన రోజు ఈ కుర్చీల్లోనే ఒక ముసలాయన వచ్చి కూర్చున్నాడు నా పక్కన. ఏం చెప్పాడో ఒక్క ముక్క గుర్తులేదు. కానీ ఆయన ఇదే జబ్బుతో ఆరేళ్ళుగా బతికున్నాడని మాత్రం గుర్తుంది. అది చాలింది."

సెలైను సీసాలో బుడగలు పైకి లేస్తున్నాయి. బ్రేకమ్మకి ఎందుకో ఒళ్ళంతా తేలికపడినట్టుంది. ఇన్ని నెలల్లో మొదటిసారి రేపు ఏం చేయాలో తెలిసింది. తెలియడం ఇంత హాయిగా ఉంటుందని ఆవిడకి తెలియదు.

అప్పుడే డాక్టరమ్మ హాలు గుమ్మంలో నిలబడింది. ఆవిడ చూస్తున్నది బ్రేకమ్మని కాదు.

"అన్నా, మీ రక్తపరీక్ష కూడా వచ్చింది. ఒకసారి లోపలికి వస్తారా?"

హారన్ లేవలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, అలాగే ఉండిపోయాడు.

"మామూలు పరీక్షేగా?" అంది బ్రేకమ్మ.

"మామూలుదైతే ఫోనులో చెప్తారక్కా." అతను నవ్వబోయి మానేశాడు. "ఎంతమంది కొత్తవాళ్ళతోనో ఆ గదిలోకి వెళ్ళాను. నా ఫలితానికి మాత్రం ఎప్పుడూ ఒక్కణ్ణే వెళ్తాను."

బ్రేకమ్మ సెలైను స్టాండుని ఊతంగా పట్టుకుంది. నర్సు వద్దంటుండగానే లేచి నిలబడింది. "ఇంతసేపూ నాకు పాఠాలు చెప్పావుగా, ఇప్పుడు నోరు మూసుకుని నడు, నేనూ వస్తున్నాను."

డాక్టరమ్మ అడ్డుపడలేదు. గదిలోకి వచ్చాక మాత్రం అతన్ని అడిగింది. "ఈవిడ ఉండగా చెప్పొచ్చా?"

"చెప్పండి. మా అక్క."

డాక్టరమ్మ కంప్యూటరు తెరని వాళ్ళవైపు తిప్పింది. అతని రక్తంలో ఆ పనికిరాని ప్రొటీను ఎంతుందో చూపించే గీత. ఏళ్ళ పొడవునా నేలకి అంటుకుని పాకుతూ వచ్చి, ఆఖర్లో తలెత్తింది. ఎవరూ వివరించక్కర్లేకపోయింది.

"భయపడాల్సిన పనిలేదు, దారి ఉంది," అంది డాక్టరమ్మ గబగబా. "మీ రక్తంలోని కణాలనే తీసి, ఈ జబ్బుని గుర్తుపట్టి కొట్టేలా తయారుచేసి తిరిగి ఎక్కించే కొత్త వైద్యం. మీకది పనికొస్తుందని పెద్ద డాక్టరుగారు ఈ పొద్దునే ఒప్పుకున్నారు. చోటు కూడా దొరికింది. కానీ ఒక షరతు ఉంది. ఎక్కించాక కొన్ని వారాలు రాత్రింబగళ్ళు పక్కనే ఉండే మనిషి కావాలి. మీ మాటలో చిన్న తేడా వచ్చినా కనిపెట్టగలిగే సొంతమనిషి. అది లేకుండా మొదలుపెట్టరు. ఫారంలో ఎవరూ లేరని రాశారు మీరు. నిజంగా ఎవరూ లేరా?"

హారన్ తెర మీది గీతనే చూస్తున్నాడు.

"ఉంది," అన్నాడు చివరికి. "కూతురుంది."

"మరింకేం! ఇప్పుడే ఫోను చెయ్యి," అంది బ్రేకమ్మ ఉత్సాహంగా. "నెంబరు చెప్పు, నేను చేస్తాను."

అతను ఆవిడ వైపు తిరిగాడు.

"ఎలా చేస్తావక్కా? తొమ్మిదేళ్ళ కిందటే నేను చచ్చిపోయానని కబురు పంపించాను దానికి."